పిల్లల ఈఈజీలో నెమ్మది అలలు: జబ్బా, వయసా?

చిన్నపిల్లల_ల్యాబ్
11 ఏళ్ల పాప ఈఈజీ (తల మీద తీగలు అంటించి మెదడు విద్యుత్ అలల్ని గీసే పరీక్ష) రిపోర్టు ఒకటి చూశాను. రాసింది ఇదీ: బ్యాక్‌గ్రౌండ్ 9 హెర్ట్జ్ (సెకనుకి 9 అలలు), వెనకవైపు ఆల్ఫా (కళ్లు మూసినప్పుడు వచ్చే లయ) మధ్యలో అక్కడక్కడ 3 హెర్ట్జ్ స్లో వేవ్స్, హైపర్‌వెంటిలేషన్‌లో (గాఢంగా, వేగంగా ఊపిరి తీయించినప్పుడు) స్లోయింగ్ బాగా పెరిగింది. కింద ఇంప్రెషన్: "మైల్డ్ డిఫ్యూజ్ సెరిబ్రల్ డిస్‌ఫంక్షన్", అంటే మెదడంతా పనితీరు కాస్త తగ్గిందని. పాపకి ఫిట్స్ లేవు. ప్రేయర్లో ఎండకి నిలబడి ఒక్కసారి కళ్లు తిరిగి పడింది, అంతే. ఇప్పుడు ఇంట్లో మందు మొదలుపెట్టాలా వద్దా అని తర్జనభర్జన. పిల్లల ట్రేసింగ్‌ని పెద్దవాళ్ల కొలతతో చదవడం ఎప్పటికి మానతారో! ఏ వయసుకి ఏది మామూలో, ఎందుకు మామూలో తెలుగులో ఒక్కచోట రాసి పెడదాం. ఎక్కడ వెతికినా "మెదడు 25 ఏళ్లకి పూర్తవుతుంది" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ దొరకట్లేదు.

పది_ఇరవై
మీరు రాసిన మూడూ 11 ఏళ్లకి మామూలే. వెనకవైపు కనిపించినవాటిని "పోస్టీరియర్ స్లో వేవ్స్ ఆఫ్ యూత్" అంటారు. 8 నుంచి 14 ఏళ్ల మధ్య బాగా కనిపిస్తాయి, ఇరవై దాటాక అరుదు. తేల్చుకోవడం సులువు. కళ్లు తెరవమనండి. ఆల్ఫాతో పాటు ఈ స్లో వేవ్స్ కూడా మాయమైతే అవి ఆల్ఫా కుటుంబమే. కళ్లు తెరిచినా అక్కడే కూర్చున్నాయా, ఎప్పుడూ ఒక్క పక్కే వస్తున్నాయా, చుట్టూ ఉన్న ఆల్ఫా కంటే మరీ ఎత్తుగా ఉన్నాయా, అప్పుడు ఆలోచించాలి.

తరంగిణి
అంకెలు కావాలన్నారుగా. కళ్లు మూసుకుని, మెలకువగా, నిమ్మళంగా ఉన్నప్పుడు తల వెనకవైపు లయ ఇలా పెరుగుతుంది. మూడు నాలుగు నెలల బిడ్డకి 3-4 హెర్ట్జ్. ఏడాదికి 6 దగ్గర. మూడేళ్లకి 8. తొమ్మిదేళ్లకి 9. పదిహేనుకి ఇంచుమించు 10, అక్కడితో పెద్దవాళ్ల స్థాయి. ఇవి సగటులు. కింది హద్దు వేరు: 8 ఏళ్లు నిండాక కూడా 8 కంటే తక్కువ ఉంటే అప్పుడే "స్లో" అని రాయాలి. ఆ పాపది 9, నిక్షేపంలా ఉంది.

ఎత్తు సంగతీ చెప్పాలి. పెద్దవాళ్లలో ఆల్ఫా 20-50 మైక్రోవోల్టులుంటే, బడి పిల్లల్లో 50-100 మామూలు. పెద్దవాళ్లకి పెట్టే 7 మైక్రోవోల్ట్/మిల్లీమీటర్ సెన్సిటివిటీతోనే (గీత ఎంత ఎత్తుగా కనిపించాలో తేల్చే కొలత) పిల్లలదీ చూస్తే గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కేసి అంతా తుఫానులా కనిపిస్తుంది. 10 కో 15 కో మార్చి చూడండి, సగం "అబ్‌నార్మల్" అక్కడే పోతుంది.

కొబ్బరినూనె_వద్దు
మిగతా సగం తలంటు పోసుకుంటే పోతుంది 😄 రాత్రి షాంపూతో స్నానం, తెల్లారి నూనె చుక్క పెట్టకుండా తీసుకురండి అని చీటీ మీద రాసిచ్చినా, జడకి నూనె దట్టంగా పట్టించి మరీ తెస్తారు. ఇంపీడెన్స్ (చర్మం దగ్గర విద్యుత్తుకి అడ్డు) 5 కిలో ఓమ్‌ల కిందికి దిగదు, చెమటా నూనే కలిసి గీత మెల్లగా ఊగుతూ ఉంటుంది, దాన్ని డెల్టా (4 హెర్ట్జ్ లోపు నెమ్మది అల) అనుకుంటారు.

పది_ఇరవై
@తరంగిణి ఆ 9 ఎక్కడ కొలిచారన్నది కూడా చూడాలి. కళ్లు మూసిన మొదటి సెకనులో లయ కాసేపు వేగంగా ఉంటుంది, దాన్ని ఆల్ఫా స్క్వీక్ అంటాం. అక్కడ లెక్కపెడితే అర హెర్ట్జో ఒకటో ఎక్కువ వస్తుంది. కునుకు పట్టాక లెక్కపెడితే తక్కువ వస్తుంది. కళ్లు మూశాక రెండు మూడు సెకన్లు వదిలేసి, రికార్డింగ్‌లో వేరువేరు చోట్ల నాలుగైదు ముక్కలు తీసుకుని, ఒక్కో సెకనులో శిఖరాలు లెక్కపెట్టాలి. పసిబిడ్డలు చెబితే కళ్లు మూయరు కాబట్టి కళ్లకి అడ్డంగా అరచెయ్యి పెట్టాలి, ఏడిపించకుండా.

ఇంకోటి: కొందరికి ఆల్ఫా సగం వేగంతో, 4-5 హెర్ట్జ్‌తో, మధ్యలో చిన్న నొక్కుతో వస్తుంది. స్లో ఆల్ఫా వేరియంట్. నొక్కు కూడా లెక్కేస్తే 9 అవుతుంది. అది గమనించక "స్లోయింగ్" అని రాసేస్తారు.

ఊదుబుర్ర
హైపర్‌వెంటిలేషన్ గురించి ఎవరూ రాయలేదు. 3 నిమిషాలు గాఢంగా, వేగంగా ఊపిరి తీయించాలి. చిన్నపిల్లలకి "గట్టిగా ఊపిరి తియ్యి" అంటే నాలుగుసార్లు తీసి ఆపేస్తారు. కాగితపు గాలిపంకా చేతికిచ్చి ఆగకుండా తిప్పమంటే మూడు నిమిషాలూ ఊదుతారు. కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు కుంచించుకుని, స్లో వేవ్స్ పొంగుతాయి. 8-12 ఏళ్ల వాళ్లలో ఇది అందరికంటే ఎక్కువ, ఒక్కోసారి స్క్రీన్ నిండా 3 హెర్ట్జ్ కొండలే. పెద్దవాళ్లలో చాలామందికి అసలు కదలదు. ఊదడం ఆపాక నిమిషంలోపు సర్దుకోవాలి. సర్దుకోలేదంటే ముందు అడగాల్సింది "టిఫిన్ తిన్నావా?" అని. ఖాళీ కడుపుతో షుగర్ తగ్గితే ఈ పొంగు ఇంకా పెద్దదవుతుంది, ఆలస్యంగా తగ్గుతుంది. ఏదైనా తాగించి మళ్లీ చేయండి.

నిజంగా వెతకాల్సింది వేరే: 3 హెర్ట్జ్ స్పైక్-వేవ్, అంటే ప్రతి కొండకీ ముందు సూది. అది ఒకరకం ఫిట్స్ గుర్తు. అప్పుడు పిల్ల ఊదడం ఆపి శూన్యంలోకి చూస్తుంది. ఆ క్షణంలో "మామిడిపండు" లాంటి మాట ఒకటి చెప్పి, తర్వాత ఏం చెప్పానో అడగాలి. సికిల్ సెల్ (రక్తకణాల జబ్బు), మోయామోయా (మెదడు రక్తనాళాలు సన్నబడే జబ్బు), ఈమధ్యే స్ట్రోక్, గుండె ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ఈ పరీక్ష జోలికే పోకూడదు.

చిన్నపిల్లల_ల్యాబ్
@ఊదుబుర్ర రికార్డింగ్ ఉదయం ఎనిమిదికి. టిఫిన్ సంగతి రిపోర్టులో లేదు. స్పైక్ ఒక్కటి కూడా లేదు. అసలు ప్రశ్న మళ్లీ అడుగుతున్నా: పిల్లల్లో అలలు ఎందుకు అంత నెమ్మదిగా, అంత ఎత్తుగా ఉంటాయి?

మైలిన్_బాబాయ్
తొడుగు. నాడీ తంతువుకి మైలిన్ తొడుగు లేనప్పుడు సంకేతం సెకనుకి మీటరో రెండు మీటర్లో నడుస్తుంది, తొడుగు పడ్డాక పదుల మీటర్లు. థాలమస్‌కీ (మెదడు లోపలి కూడలి) కార్టెక్స్‌కీ (మెదడు పైపొర) మధ్య సంకేతం తిరిగి రావడానికి పట్టే టైమ్ తగ్గితే లయ వేగం పెరుగుతుంది. తొడుగు ముందు మెదడు కాండంలో, తర్వాత చూపు-వినికిడి దారుల్లో, చివరికి నుదుటి వెనక పడుతుంది. యాకొవ్లెవ్, లెకూర్ 1967లోనే ఈ వరస గీసి చూపించారు. ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా?

చిలక్కొట్టుడు
బాబాయ్, వేగం పెరగడానికి అది సగం జవాబు. ఎత్తు తగ్గడానికి అసలు జవాబే కాదు. ఎత్తు తగ్గేది సినాప్సుల (నాడీకణాల మధ్య అతుకుల) కత్తిరింపు వల్ల. హుటెన్‌లాకర్ 1979లో ఫ్రంటల్ కార్టెక్స్ ముక్కల్లో సినాప్సులు లెక్కపెడితే, ఒకటి రెండేళ్ల వయసులో పెద్దవాళ్లకంటే దాదాపు 50 శాతం ఎక్కువ దట్టంగా ఉన్నాయి. ఆ తర్వాత 16 దాకా తగ్గుతూ వచ్చాయి. దట్టంగా కలిపి కుట్టిన గుడ్డని ఒక మూల లాగితే మొత్తం లేస్తుంది. అలాగే ఎక్కువ కణాలు ఒకేసారి లేచి పడితే అల ఎత్తుగా వస్తుంది. సినాప్సులు తగ్గేకొద్దీ పెద్ద గుంపులు ఒకేసారి ఊగడం తగ్గుతుంది.

ఖర్చు కూడా దానికి తగ్గట్టే. చుగాని బృందం 1987లో పెట్ స్కాన్‌తో గ్లూకోజ్ వాడకం కొలిచింది. పుట్టినప్పుడు పెద్దవాళ్లకంటే తక్కువ, రెండేళ్లకి సమానం, నాలుగేళ్లకి ఇంచుమించు రెట్టింపు. తొమ్మిది పదేళ్ల దాకా అలాగే ఉండి, టీనేజ్ చివరికి పెద్దవాళ్ల స్థాయికి దిగింది. గమనిక: ఆ 29 మంది పిల్లలూ ఏదో నాడీ సమస్య అనుమానంతో వచ్చినవాళ్లే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి రేడియోధార్మిక ఇంజెక్షన్ ఇవ్వరు కదా.

మైలిన్_బాబాయ్
16కి ఆగలేదు. 2011లో పెటాన్యెక్ బృందం ప్రీఫ్రంటల్ (నుదుటి వెనక) కణాల ముళ్లు (సినాప్సులు కూర్చునే మొటిమలు) లెక్కపెడితే కత్తిరింపు ఇరవై దాటి ముప్పై వైపు పోయింది. అదీగాక ఎత్తు తగ్గడంలో కపాలం వాటా మర్చిపోయావు. ఎముక మందమయ్యేకొద్దీ బయటికి తెలిసే వోల్టేజ్ తగ్గుతుంది.

చిలక్కొట్టుడు
కపాలం ఒప్పుకుంటా. కానీ కపాలం ఒక్కటే కారణమైతే అన్ని వేగాల అలలూ ఒకే దామాషాలో తగ్గాలి. తగ్గవు. నిద్రలో డెల్టా కూలినట్టు స్పిండిల్స్ (నిద్రలో వచ్చే వేగమైన చిన్న అలల గుంపులు) కూలవు.

నిద్రమత్తు
నిద్ర మాట వచ్చింది కాబట్టి. ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే పెద్ద మార్పు కనిపించేది అక్కడే. గాఢనిద్రలో డెల్టా శక్తి పదకొండు పన్నెండేళ్ల దగ్గర దిగడం మొదలుపెట్టి, ఇరవై వచ్చేసరికి 60 శాతానికి పైగా పడిపోతుంది. ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1982లో ఈ దిగుడునీ సినాప్సుల కత్తిరింపునీ ముడిపెట్టాడు. డెల్టా బాగా బలంగా ఉండే చోటు కూడా జరుగుతుంది: చిన్నప్పుడు తల వెనక, పెరిగేకొద్దీ నడినెత్తికి, టీనేజ్ చివరికి నుదుటి దగ్గరికి.

పసితనం గుర్తులు కూడా: స్పిండిల్స్ రెండు నెలల దగ్గర మొదలు. మొదట్లో కుడిది కుడే, ఎడమది ఎడమే. రెండేళ్లకి రెండు పక్కలా ఒకేసారి రావాలి. కె-కాంప్లెక్సులు (నిద్రలో ఒక్కసారిగా లేచే పెద్ద అలలు) ఐదారు నెలలకి.

కొబ్బరినూనె_వద్దు
ఇంటర్ పిల్లలకి నిద్ర ఉంటేగా డెల్టా ఉండటానికి.

నిద్రమత్తు
నవ్వులాటగా అన్నా లెక్క చూడండి. 13-18 ఏళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. యవ్వనం మొదలయ్యాక మెలటోనిన్ (నిద్ర హార్మోన్) రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పదకొండుకి ముందు నిద్ర పట్టకపోవడం బద్ధకం కాదు, ఆ వయసు గడియారమే అంత. ఇక మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఐదింటికి స్టడీ అవర్ గంట కొడితే మిగిలింది ఆరు గంటలే. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో వస్తుంది కాబట్టి అది దక్కుతుంది. తెగేది తెల్లవారుజాము వాటా, అంటే ఆర్‌ఈఎమ్ (కలల) నిద్రా, స్పిండిల్స్ ఉండే రెండో దశ నిద్రా. పిల్లాడు క్లాసులో కునికితే ఆ సమయంలో తీసిన ఈఈజీలో ఆల్ఫా కరిగిపోయి థీటా కనిపిస్తుంది, దానికి ఇంకో పేరు తగిలిస్తారు.

లెక్కల_మాస్టారు
ఆ "ఇంకో పేరు" ఏమిటో నేను చెబుతా. ఏడీహెచ్‌డీ. "బ్రెయిన్ మ్యాపింగ్" అని రంగురంగుల తలకాయ బొమ్మలిస్తారే, వాటి వెనక ఉండేది థీటా/బీటా నిష్పత్తి. థీటా అంటే 4-8 హెర్ట్జ్, బీటా అంటే 13-30. ఇక్కడే మెలిక. ఆరేళ్ల పిల్లాడి ఆల్ఫా శిఖరం 7.5 దగ్గర ఉందనుకోండి. అది ఆల్ఫాయే, కానీ గీసిన గడిలో థీటా కింద పడుతుంది. నిష్పత్తి ఎగిరిపోతుంది. పిల్లాడికి ఉన్నది ఏకాగ్రత లోపం కాదు, ఆరేళ్ల వయసు.

రెండో మెలిక: అలలు తీసేసినా స్పెక్ట్రమ్‌కి (ఏ వేగంలో ఎంత శక్తి ఉందో చూపే గీతకి) ఒక వాలు మిగులుతుంది. చిన్నపిల్లల్లో ఆ వాలు నిటారుగా ఉంటుంది, పెరిగేకొద్దీ చదునవుతుంది. వాలు నిటారుగా ఉంటే కింది వేగాల్లో శక్తి ఎక్కువ, పైవాటిలో తక్కువ. అంటే లయల్లో తేడా ఏమీ లేకపోయినా నిష్పత్తి వయసుతోనే మారుతుంది.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో ఈ నిష్పత్తి చూసే యంత్రానికి అనుమతిచ్చిన మాట నిజమే, అదీ డాక్టరు పరీక్షకి తోడుగా మాత్రమే. 2016లో అక్కడి న్యూరాలజీ అకాడమీ దీన్ని రోగ నిర్ధారణకి వాడొద్దని చెప్పింది. మన దగ్గర ఆ రెండో కబురు ఇంకా చేరినట్టు లేదు.

తరంగిణి
మాస్టారూ, మరి ఎలా కొలవాలి? అది కూడా చెప్పండి.

లెక్కల_మాస్టారు
ముందు ఎవరి శిఖరం ఎక్కడుందో వెతకాలి, గడులు దాని చుట్టూ గీయాలి. కళ్లు తెరిచినదీ మూసినదీ కలపకూడదు. కనీసం నిమిషం శుభ్రమైన డేటా ఉండాలి. 2 సెకన్ల కిటికీ (ఒకసారి లెక్కకి తీసుకునే ముక్క) పెడితే స్పెక్ట్రమ్‌లో మెట్టు అర హెర్ట్జ్. పదేళ్ల తర్వాత శిఖరం ఏడాదికి జరిగేది దానికంటే బాగా తక్కువ, కాబట్టి కనీసం 4 సెకన్లు పెట్టండి, లేదా శిఖరానికి బదులు గరిమనాభి (శక్తిని బట్టి తీసిన సగటు వేగం) లెక్కకట్టండి. వాలుని 2 నుంచి 40 హెర్ట్జ్ మధ్య సరిపోల్చి తీసేయాలి. 40 పైన మన 50 హెర్ట్జ్ కరెంటు గోల, 30 దాటినప్పటి నుంచీ నుదుటి కండరాల గోల. పళ్లు బిగించిన పిల్లాడి బీటాని చూసి మురిసిపోవద్దు.

గోదారి_గట్టు
మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ (పిల్లల బుర్రకి పదును పెడతామనే కోచింగ్) చేయిస్తే ఆల్ఫా నేరుగా 10కి పోతుందటగా, కళ్లకి గంతలు కట్టి చదివిస్తారు 🤣

చిలక్కొట్టుడు
ముక్కు పక్కన సందులోంచి చూసి చదువుతారు. ఆ సందు మూస్తే యాక్టివేషన్ కూడా మూసుకుంటుంది.

గోదారి_గట్టు
సరే, నవ్వులు పక్కనబెట్టి 25 సంగతి తేల్చండి. ఫ్రంటల్ లోబ్ 25కి పూర్తవుతుందన్నది నిజమా కాదా?

అయస్కాంతం
ఆ అంకెకి తల్లీ తండ్రీ లేరు. గీడ్ 1999లో 4 నుంచి 22 ఏళ్ల లోపు 145 మంది ఎమ్మారైలు చూసి, ఫ్రంటల్ గ్రే మేటర్ (కణాలుండే బూడిదరంగు భాగం) ఆడపిల్లల్లో 11, మగపిల్లల్లో 12 దగ్గర శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుందన్నాడు. గోగ్‌టే బృందం 2004లో 13 మందిని రెండేళ్లకోసారి స్కాన్ చేసి, పక్వం వెనక నుంచి ముందుకి నడుస్తుందని, ఆలస్యంగా వచ్చేవాటిలో నుదుటి పక్క భాగం ఒకటని చూపించింది. వాళ్లూ 21 దగ్గర ఆగారు. గీత అప్పటికింకా వాలుతూనే ఉంది. ఆగింది స్కానింగు, మెదడు కాదు. దాన్ని ఎవరో గుండ్రం చేసి 25 అన్నారు.

2022లో ప్రపంచవ్యాప్తంగా 1,01,457 మంది స్కాన్లు కలిపి వేసిన చార్టుల్లో మొత్తం కార్టెక్స్ గ్రే మేటర్ శిఖరం 5.9 ఏళ్లకి, లోపలి గ్రే మేటర్ 14.4కి, వైట్ మేటర్ (తొడుగు ఉన్న తంతువులు) 28.7కి వచ్చాయి. ఏ భాగాన్ని అడిగితే ఆ వయసు చెబుతుంది.

మైలిన్_బాబాయ్
28.7! నేను చెప్పిన తొడుగే గెలిచింది.

చిలక్కొట్టుడు
గీడ్ 11-12 అంటే ఇది 5.9 అంటోంది. ఐదారేళ్ల తేడాని అలా మింగేస్తే ఎలా?

అయస్కాంతం
మింగట్లేదు. ఒకటి ఫ్రంటల్ భాగం, ఇంకోటి మొత్తం కార్టెక్స్. పైగా గీడ్ కాలపు డేటాలో నాలుగేళ్ల లోపు పిల్లలే లేరు, నాలుగు నుంచి ఏడు మధ్య పలచన. ఇంకోటి, ఆ చిన్నవాళ్లే ఎక్కువ కదులుతారు. కదిలితే గ్రే-వైట్ అంచు మసకబారి గ్రే మేటర్ ఉన్నదానికంటే పలచగా కొలుస్తుంది సాఫ్ట్‌వేర్. చిన్నవాళ్ల అంకె తగ్గితే శిఖరం కుడివైపుకి జరుగుతుంది.

ఈ కదలిక వల్ల ఫంక్షనల్ ఎమ్మారైలో (మెదడు పనిని చూపే స్కాన్) ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. "పిల్లల్లో దగ్గరి భాగాల మధ్య సంబంధాలు బలం, పెరిగేకొద్దీ అవి తగ్గి దూరపువి బలపడతాయి" అని చాలాకాలం చెప్పారు. 2012లో మూడు బృందాలు విడివిడిగా చూపించాయి: తల కాస్త కదిలినా దగ్గరి సంబంధాలు పెరిగినట్టు, దూరపువి తగ్గినట్టు కనిపిస్తుంది. చిన్నవాళ్లు ఎక్కువ కదులుతారు కాబట్టి కదలికే వయసు వేషం వేసింది. ఆ కథ పూర్తిగా పోలేదు, కానీ శుభ్రం చేశాక తేడా బాగా చిన్నదైంది. ఇప్పుడు ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి 0.2 మిల్లీమీటర్ దాటితే ఆ ఫ్రేమ్ పారేస్తున్నారు. గుటక మింగినా దాటుతుంది. అందుకే ముందు ఉత్తుత్తి స్కానర్‌లో పడుకోబెట్టి, కదిలితే కార్టూన్ ఆగిపోయేలా పెట్టి అలవాటు చేస్తారు.

తరంగిణి
మెదడు ఆకారం వేరు, పని వేరు. 2023లో పదివేల మందికి పైగా డేటాతో వచ్చిన పరిశీలనలో ప్రణాళిక, నిగ్రహం లాంటి పనులు 18-20కి పెద్దవాళ్ల స్థాయికి చేరాయి. కాబట్టి "25 దాకా బుర్ర లేదు" అని పెద్ద పిల్లల్ని తిట్టేవాళ్లు ఆగాలి. స్నేహితులు పక్కనుంటే మాత్రం వేరే కథ. 2005 నాటి గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ డ్రైవింగ్ ఆటలో 13-16 ఏళ్ల వాళ్లు ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివాళ్లు చూస్తుంటే బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు.

వినికిడి_బల్ల
మీరంతా ఆల్ఫా, డెల్టా పట్టుకున్నారు. వయసు గీత నిజంగా చికిత్సకి పనికొచ్చేది మా దగ్గర. శబ్దం వినిపించి తల మీద పీ1 అనే అలని కొలుస్తాం. పుట్టినప్పుడు 300 మిల్లీసెకన్ల దగ్గర వస్తుంది, పెద్దవాళ్లలో 50-60కి చేరుతుంది. ఎన్1 అనే తర్వాతి అల ఎనిమిది పదేళ్ల దాకా సరిగా కనిపించదు. చెవుడుతో పుట్టిన బిడ్డకి మూడున్నరేళ్లలోపు కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల పెట్టే వినికిడి యంత్రం) పెడితే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో పీ1 ఆ వయసు గీతలోకి వచ్చేస్తుంది. ఏడేళ్లు దాటాక పెడితే చాలామందిలో రాదు. అనూ శర్మ బృందం 2002లో తేల్చింది ఇది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఉంది కదా, మెల్లగా చూద్దాం అనుకునేవాళ్లకి ఈ గీతే చూపించాలి. మూడున్నర అంటే మూడున్నరే.

చిన్నపిల్లల_ల్యాబ్
ఫైల్ మళ్లీ తెరిపించి చూశాం. సెన్సిటివిటీ 7లో ఉంది. 15కి మార్చాం. కళ్లు తెరిచిన ఆరు చోట్లా స్లో వేవ్స్ ఆల్ఫాతోపాటే పోయాయి. రెండు పక్కలా వస్తున్నాయి, కుడివైపు కొద్దిగా ఎక్కువ. హైపర్‌వెంటిలేషన్ ఆపాక 40 సెకన్లకి బ్యాక్‌గ్రౌండ్ తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్లు మాత్రం నిద్రలో ఇంకోసారి తీయమంటున్నారు.

పది_ఇరవై
కుడి కాస్త ఎక్కువ ఉండటం కూడా మామూలే, ఆల్ఫా కూడా కుడివైపే కొంచెం ఎత్తు. నిద్రలో తీస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: కునుకు పడుతుండగా 3-5 హెర్ట్జ్ పెద్ద అలలు ఒక్కసారిగా గుంపుగా దూకుతాయి. హిప్నగాజిక్ హైపర్‌సింక్రనీ. మూడు నెలల నుంచి పన్నెండు పదమూడేళ్ల దాకా ఉంటుంది. మధ్యలో చిన్న చిన్న పదును గీతలు కలిసి స్పైక్-వేవ్‌లా భ్రమ పెడతాయి. కునుకులోనే వచ్చి, గాఢనిద్రలో పోతే వదిలేయండి. ఈ రిపోర్టే ఇలా రాసినవాళ్లు దాన్ని ఏమని రాస్తారో!

ఊదుబుర్ర
నిద్ర ఈఈజీ కంటే ముందు చేయాల్సినవి రెండు మిగిలాయి. ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిందంటే ఈసీజీ తీసి క్యూటీ (గుండె ఒక్కో కొట్టుకి తిరిగి సిద్ధమయ్యే సమయం) చూశారా? పడుకోబెట్టి, మూడు నిమిషాలు నిలబెట్టి బీపీ చూశారా? మైలిన్ సంగతి తర్వాత.

చిన్నపిల్లల_ల్యాబ్
రెండూ చేయలేదు. రేపు చేయిస్తున్నాం.

కొబ్బరినూనె_వద్దు
ఈసీజీకి నూనె పెట్టుకుని రావచ్చు. ఛాతీకి మాత్రం పౌడర్ వద్దు.